బ్లూస్కై గురించి అందరూ అడుగుతున్న ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు

నేను బ్లూస్కైలో రాస్తున్నానని తెలిసిన దగ్గర్నుంచి స్నేహితులు, ఆఫీసులో పక్క సీటు వాళ్ళు, మా పిన్ని కొడుకు, అందరూ ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో విడివిడిగా టైప్ చేసే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నాకు ఆ కంపెనీతో ఏ సంబంధమూ లేదు. రోజూ వాడతాను, ఇష్టంగా వాడతాను, అంతే.

అసలు బ్లూస్కై అంటే ఏంటి?

పొట్టి పోస్టులు రాసుకునే చోటు. 300 అక్షరాల్లోపు రాయొచ్చు, నాలుగు ఫొటోలో చిన్న వీడియోనో జోడించొచ్చు, ఎదుటివాళ్ళ పోస్టుకి జవాబివ్వొచ్చు, రీపోస్ట్ చేయొచ్చు. పాత ట్విటర్ వాడినవాళ్ళకి కొత్తగా నేర్చుకోవాల్సింది దాదాపు ఏమీ లేదు. నీలం సీతాకోకచిలుక దీని గుర్తు.

ఇది ట్విటర్ వాళ్ళదే అంటారు కదా?

పుట్టింది అక్కడే, ఇప్పుడు కాదు. 2019 డిసెంబరులో, అప్పటికి ట్విటర్ సీఈఓగా ఉన్న జాక్ డోర్సీ ఒక ప్రకటన చేశాడు. ఈమెయిల్ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు కదా, సోషల్ మీడియాని కూడా అలా నడిపే పద్ధతి ఒకటి తయారుచేయడానికి చిన్న బృందానికి డబ్బులిస్తామన్నాడు. 2021 ఆగస్టులో ఆ పని పగ్గాలు జే గ్రేబర్ అనే ఇంజినీరు చేతికి వచ్చాయి. ట్విటర్ కింద కాకుండా వేరే కంపెనీగా ఉంటేనే చేస్తానని ఆమె ముందే పట్టుబట్టింది, ఆ పట్టుదలే తర్వాత కాపాడింది. 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకు ట్విటర్ కొన్నాక ఆ సంబంధం తెగిపోయింది, అయినా బ్లూస్కై నిలబడింది. డోర్సీ కూడా 2024 మేలో బ్లూస్కై బోర్డు నుంచి తప్పుకున్నాడు. ఇంకో సంగతి, గ్రేబర్ చైనీస్ పేరు లాంటియన్, అంటే నీలాకాశం. ప్రాజెక్టుకి బ్లూస్కై అన్న పేరు ఆమె రాకముందే ఉంది, అనుకోకుండా కలిసొచ్చింది.

ఉన్నట్టుండి ఇంతమంది ఎక్కడి నుంచి ఊడిపడ్డారు?

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీని ఎదుగుదల మెల్లగా, రోజుకింత చొప్పున జరిగింది కాదు, వరద వచ్చినట్టు విడతలు విడతలుగా వచ్చింది. 2023 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు ఎవరైనా కోడ్ పంపితే తప్ప లోపలికి వెళ్ళే దారి లేదు, "కోడ్ ఉందా, ఒక్కటి ఇవ్వవా" అని జనం బతిమాలుకునేవాళ్ళు. ఏడాది పాటు అలాగే నడిచి, 2024 ఫిబ్రవరి 6న తలుపులు బార్లా తెరిచేసరికి లోపల ఉన్నది 30 లక్షల మంది.

అసలు పెద్ద వరద బ్రెజిల్ నుంచి వచ్చింది. అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తి అలెగ్జాండ్రే డి మొరాయిస్‌కీ మస్క్‌కీ నెలల తరబడి నడిచిన గొడవ ముదిరి, 2024 ఆగస్టు 30న దేశమంతా ఎక్స్ (ట్విటర్‌కి మస్క్ పెట్టిన కొత్త పేరు) ఆపేయమని ఆదేశాలొచ్చాయి. వారం తిరిగేసరికి 20 లక్షల మందికి పైగా ఇటు వచ్చేశారు. పొద్దున లేచి యాప్ తెరిస్తే ఎక్కడ చూసినా పోర్చుగీసే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ సందడి చూస్తుంటే సంతోషంగా ఉండేది, ఊళ్ళో జాతర మొదలైనట్టు. అక్టోబరు 8న బ్రెజిల్‌లో ఎక్స్ మళ్ళీ మొదలైంది, కానీ వచ్చినవాళ్ళలో చాలామంది ఉండిపోయారు.

తర్వాత అక్టోబరు మధ్యలో, మనం బ్లాక్ చేసినవాళ్ళు కూడా మన పోస్టులు చూడగలిగేలా మారుస్తున్నామని ఎక్స్ ప్రకటించింది. వెంటపడి వేధించేవాళ్ళతో విసిగిపోయినవాళ్ళకి, ముఖ్యంగా ఆడవాళ్ళకి, ఇది ఎంత భయం కలిగించే మాటో వేరే చెప్పక్కర్లేదు. ఒక్క రోజులో 5 లక్షల మంది బ్లూస్కైలో చేరారు. ఆపైన నవంబరు 5న అమెరికా ఎన్నికలు, మస్క్ ట్రంప్ పక్కన నిలబడడం, పోస్టులతో ఏఐకి శిక్షణ ఇచ్చుకోవచ్చని నవంబరు 15 నుంచి ఎక్స్ కొత్త నిబంధనలు, అన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి. ఒక దశలో రోజుకి 10 లక్షల మంది లెక్కన చేరి, నవంబరు 19కి మొత్తం 2 కోట్లు దాటారు. అప్పటికి ఆ కంపెనీలో పనిచేసేవాళ్ళు ఓ 20 మంది, ఆ 20 మందే సర్వర్లు పడిపోకుండా కాపాడుకొచ్చారు. ఇది నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

విలేకరులు, శాస్త్రవేత్తలు ఎక్కువమంది వచ్చారు, ఎందుకు?

లింకుల వల్ల. ఎక్స్‌లో పోస్టుకి లింకు పెడితే అది తక్కువమందికి చేరుతోందని వార్తలు రాసేవాళ్ళు చాలాకాలం మొత్తుకున్నారు, చివరికి లింకుకి ప్రాధాన్యం తగ్గుతుందని మస్కే ఒప్పుకున్నాడు. బ్లూస్కైలో అలాంటి తొక్కిపెట్టడం లేదు. పరిశోధన పత్రం లింకు ఇస్తే నేరుగా చదివేవాళ్ళ దగ్గరికి వెళుతుంది. ఇక ఎక్స్‌లో పోస్టులు పెట్టబోమని బ్రిటన్ పత్రిక గార్డియన్ 2024 నవంబరు 13న ప్రకటించింది కూడా.

ఇప్పటికీ పెరుగుతోందా, లేక చల్లబడిందా?

రెండూ నిజమే. ఖాతాల లెక్క పెరుగుతూనే వచ్చింది, 2025 జనవరి చివరికి 3 కోట్లు, అక్టోబరు చివరికి 4 కోట్లు. కానీ రోజూ పోస్టులు రాసేవాళ్ళ సంఖ్య 2024 నవంబరులో ఉన్నంత లేదు, ఆ వేడి తర్వాత తగ్గింది. వరదలో వచ్చిన నీళ్ళన్నీ చెరువులో నిలవవు. నిలిచినవాళ్ళు మాత్రం గట్టివాళ్ళు, పోస్టు పెడితే చదివి, ఆలోచించి జవాబు రాస్తారు. నాకైతే వెయ్యి లైకులకన్నా అలాంటి నాలుగు జవాబులే ముఖ్యం.

మరి ఇన్‌స్టాగ్రామ్ వాళ్ళ థ్రెడ్స్ దీనికంటే చాలా పెద్దది కదా?

చాలా చాలా పెద్దది. ఇన్‌స్టాగ్రామ్ ఖాతాతోనే చేరొచ్చు కాబట్టి 2023 జులైలో 5 రోజుల్లోనే 10 కోట్ల మంది చేరారు, 2025 ఆగస్టు నాటికి నెలకి వాడేవాళ్ళు 40 కోట్లు. జనం లెక్కే ముఖ్యమైతే అక్కడికే వెళ్ళండి.

తెలుగులో రాస్తే ఎన్ని అక్షరాలు పడతాయి?

ఈ ప్రశ్న అడిగితే నాకు ప్రాణం లేచొస్తుంది.

ముందు పాత కథ. ట్విటర్ 140 అక్షరాలతో ఎందుకు మొదలైందంటే, ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాల హద్దు ఉండేది, అందులో 20 పేరు కోసం పక్కన పెట్టారు. ఆ 160 ఇంగ్లిష్‌కి. తెలుగు లిపిలో ఎస్సెమ్మెస్ పంపితే ఒక్కో మెసేజీకి 70 మాత్రమే పడేవి, పైగా గుణింతాలు, పొల్లులు అన్నీ విడివిడిగా లెక్కేసేవాళ్ళు. అందుకే మన తరం అంతా "ela unnav" అనే పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాయడానికి అలవాటుపడిపోయింది. కీబోర్డు లేకపోవడం ఒక కారణం, డబ్బులు ఇంకో కారణం. 2017 నవంబరులో ట్విటర్ హద్దుని 280కి పెంచింది, కానీ లెక్కపెట్టే తీరు మాత్రం మారలేదు. అక్కడ "తెలుగు" అని రాస్తే 6 పోతాయి: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికీ 6 పోతాయి, అందులో రెండు పొల్లులే.

బ్లూస్కైలో లెక్క వేరు. అక్కడ లెక్కపెట్టేది గ్రాఫీమ్‌లని, అంటే కంటికి ఒక్క అక్షరంగా కనిపించేదాన్ని ఒక్కటిగానే. రాసే పెట్టె కింద 300 అని అంకె కనిపిస్తుంది. "తెలుగు" అని కొట్టి చూడండి, 297 అవుతుంది. మూడే. బళ్ళో పలక మీద మనం లెక్కపెట్టినట్టే. వత్తులున్నచోట మాత్రం సాఫ్ట్‌వేర్‌లో ఏ యూనికోడ్ (కంప్యూటర్లలో లిపులకి ఉన్న ప్రమాణం) వెర్షన్ ఉందో దాన్ని బట్టి ఒకటిగానో రెండుగానో పడుతుంది. అయినా మనకి దొరికే చోటు ఎక్స్‌తో పోలిస్తే దాదాపు రెట్టింపు.

మా నాన్నగారికి సీసపద్యాలంటే ఇష్టం. ఎక్స్‌లో ఒక పద్యం పెట్టబోతే సీసం ఒక పోస్టులో, ఎత్తుగీతి ఇంకో పోస్టులో పెట్టాల్సి వచ్చింది. కింద ముక్క మాత్రమే చూసినవాళ్ళు "ఇదేంటి సగమే ఉంది" అని అడిగారు. అదే పద్యం బ్లూస్కైలో ఎత్తుగీతితో సహా ఒక్క పోస్టులో పట్టింది, పాదానికో లైను చొప్పున. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని రెండుసార్లు పైకి చదివారు. ఇక ఆటవెలదులు, నానీలు రాసేవాళ్ళకి చెప్పేదేముంది, బోలెడంత చోటు మిగులుతుంది.

తెలుగులో రాస్తే ఎవరికైనా కనిపిస్తుందా?

కనిపిస్తుంది, కానీ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. పోస్ట్ రాసే పెట్టె కింద భాష చూపించే బటన్ ఉంటుంది, మొదట్లో చాలామందికి అది ఇంగ్లిష్ అని ఉంటుంది. దాన్ని తెలుగుకి మార్చకుండా పోస్ట్ చేస్తే మీ పోస్టు ఇంగ్లిష్ లెక్కలోకి వెళ్ళిపోతుంది, తెలుగు మాత్రమే కావాలని పెట్టుకున్నవాళ్ళకి కనిపించదు. దయచేసి ఆ బటన్ ఒక్కసారి చూసుకోండి. సెట్టింగ్స్‌లో చదివే భాషల్లో కూడా తెలుగు కలుపుకోండి.

చేరాను, కానీ అంతా ఖాళీగా ఉంది. ఇప్పుడేం చేయాలి?

మొదటి రోజు అందరికీ అంతే, కొత్త ఊళ్ళో అద్దెకి దిగినట్టు ఉంటుంది. స్టార్టర్ ప్యాక్ అని ఒకటి ఉంది, 2024 జూన్‌లో వచ్చింది. ఒక విషయం మీద బాగా రాసే మనుషుల్ని ఎవరో ఒకరు 150 మంది దాకా ఒక జాబితాగా కట్టి ఉంచుతారు, మీరు ఒక్క నొక్కుతో అందరినీ ఫాలో అవ్వొచ్చు. ఖగోళశాస్త్రం, క్రికెట్, పక్షులు, వంటలు, ఏది కావాలంటే అది వెతకండి. ఒక యాభైమందిని ఫాలో అయ్యి, వాళ్ళ పోస్టులకి నాలుగు జవాబులు రాయండి. ఊరికే చదివి వెళ్ళిపోతే ఆరునెలలైనా ఎవరూ పలకరించరు.

ఇక్కడ అల్గారిథం ఉండదా?

ఉంటుంది, కానీ ఏది కావాలో ఎంచుకునేది మీరు. ఫాలోయింగ్ అనే ఫీడ్‌లో మీరు ఫాలో అయినవాళ్ళ పోస్టులు వరసగా వస్తాయి. దాని పక్కన మీకు నచ్చిన ఫీడ్లు పెట్టుకోవచ్చు, బయటివాళ్ళు తయారుచేసినవి వేలల్లో ఉన్నాయి. పిల్లుల ఫొటోలకొకటి, శాస్త్రవేత్తలు నడిపేది ఒకటి, ఇలా. స్కైఫీడ్, గ్రేజ్ లాంటి సాధనాలతో కోడింగ్ రానివాళ్ళు కూడా సొంత ఫీడ్ కట్టుకోవచ్చు. భాష తెలుగు, అందులో ఫలానా మాటలు ఉండాలి, ఫలానావి ఉండకూడదు, అని చెబితే చాలు. తెలుగు కథలకి ఒకటి, వ్యవసాయానికి ఒకటి, పాత ఫొటోలకి ఒకటి ఎవరైనా ఓపికగా నడిపితే ఎంత బాగుంటుందో. ఫ్యాన్ వార్స్ మధ్య మంచి పోస్టు కొట్టుకుపోవడం చూసి చూసి ఉన్నాం కదా.

కంపెనీ మూతపడితే నా పోస్టుల గతి ఏంటి?

నేను ఇక్కడికి రావడానికి అసలు కారణం ఇదే. చాలా ఏళ్ళ కిందట ఒక సైటులో నాలుగేళ్ళు తెలుగులో రాశాను, ఒకరోజు అది తెరుచుకోలేదు, అంతే. రాసినవి పోతే పోయాయి, అక్కడ పరిచయమైన మనుషులు కూడా పోయారు. వాళ్ళ అసలు పేర్లు, ఊళ్ళు ఏవీ నా దగ్గర లేవు. ఆ బాధ ఇంకా ఉంది.

మన దేశంలోనే పెద్ద ఉదాహరణ "కూ" అనే యాప్. 2020లో బెంగళూరులో అప్రమేయ రాధాకృష్ణ, మయాంక్ బిదావత్కా మొదలుపెట్టారు, తెలుగుతో సహా మన భాషల కోసమే కట్టారు, 2021లో కేంద్ర మంత్రులు కూడా వచ్చి చేరారు, 6 కోట్ల డౌన్‌లోడ్లు దాకా వెళ్ళింది. కొనేవాళ్ళ కోసం, కలుపుకునేవాళ్ళ కోసం చర్చలు జరిగాయి, కుదరలేదు, 2024 జులైలో మూసేస్తున్నామని ప్రకటించారు. పసుపు పిట్ట గుర్తున్న ఆ యాప్‌లో తెలుగు రాసినవాళ్ళు, వాళ్ళని చదివినవాళ్ళు చెల్లాచెదురైపోయారు. ఆ ఇద్దరి ప్రయత్నంలో నిజాయితీ లేదని నేను అనను. ఇల్లు కంపెనీదైనప్పుడు కంపెనీతోపాటే ఇల్లూ పోతుంది, సమస్య అక్కడుంది.

బ్లూస్కై కింద ఏటీ ప్రోటోకాల్ అనే పద్ధతి ఉంది. మొబైల్ నంబర్ మార్చకుండా కంపెనీ మారడం మనకి 2011 నుంచి దేశమంతా అలవాటే కదా, ఇదీ అలాంటిదే. మీ ఖాతాకి ఒక శాశ్వత గుర్తింపు ఉంటుంది, మిమ్మల్ని ఫాలో అయినవాళ్ళు ఆ గుర్తింపునే ఫాలో అవుతారు తప్ప సర్వర్‌ని కాదు. అందుకని మీ ఖాతాని ఇంకొకరి సర్వర్‌కి తరలించినా పోస్టులు, ఫాలోవర్లు వెంట వస్తారు. సెట్టింగ్స్‌లోంచి మీ పోస్టులన్నీ ఒక ఫైలుగా దించుకోవచ్చు కూడా, నేను నెలకోసారి దించుకుంటాను. ఇది కాగితం మీద మాటే కాదు. అమెరికాలో నల్లజాతివాళ్ళ కోసం రూడీ ఫ్రేజర్ మొదలుపెట్టిన బ్లాక్‌స్కై సొంత సర్వర్లు, సొంత నియమాలతో నడుస్తోంది, అయినా వాళ్ళ పోస్టులు మనకి కనిపిస్తాయి, మనవి వాళ్ళకి. రేపు తెలుగువాళ్ళం కూడా, హైదరాబాదులోనో విజయవాడలోనో డల్లాస్‌లోనో కూర్చుని, అలాంటిది ఒకటి నడుపుకోవచ్చు. నాకున్న పెద్ద ఆశ అదే.

కానీ దాచకుండా చెప్పాలి, ఇప్పటికి అత్యధిక ఖాతాలు కంపెనీ సర్వర్లలోనే ఉన్నాయి. తలుపు ఉంది, ఇంకా చాలామంది దాటలేదు.

పేరు పక్కన డొమైన్ ఏంటి? బ్లూ టిక్ ఉండదా?

సొంత వెబ్‌సైటు ఉంటే ఆ డొమైన్ పేరునే ఇక్కడ మీ పేరుగా పెట్టుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. ఒక పత్రిక డొమైన్‌తో ఖాతా ఉందంటే అది ఆ పత్రికదే, నకిలీవాడికి ఆ డొమైన్ దొరకదు. 2025 ఏప్రిల్ నుంచి నీలం టిక్ కూడా వచ్చింది, అది కొనుక్కునేది కాదు.

తిట్లు, బూతులు, ఫేక్ ఖాతాలు ఇక్కడ లేవా?

ఉన్నాయి. 2024 నవంబరు వరదలో ఒక్క రోజులో 42 వేల ఫిర్యాదులు వచ్చాయి, 2023 ఏడాది మొత్తానికి వచ్చినవి 3 లక్షల 60 వేలు. మనుషులు ఉన్నచోట ఇవి ఉంటాయి. తేడా మన చేతికిచ్చిన పనిముట్లలో ఉంది. బ్లాక్ ఇక్కడ గట్టిగా పనిచేస్తుంది, మీ ఇద్దరి మధ్య నడిచిన మాటలు ఇతరులకి కూడా కనిపించకుండా పోతాయి. ఎవరైనా మీ పోస్టుని కోట్ చేసి ఎగతాళి చేస్తే, ఆ కోట్ నుంచి మీ పోస్టుని విడదీసుకోవచ్చు. ఇతరులు కట్టిన బ్లాక్ జాబితాలకి చందాదారులుగా చేరొచ్చు.

కొత్తవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సినవి రెండున్నాయి. మీరు ఎవరికి లైక్ కొట్టారు, ఎవరిని బ్లాక్ చేశారు అన్నది కూడా బయటి సాధనాలతో చూడొచ్చు, ఎందుకంటే ఈ పద్ధతిలో దాదాపు అంతా బహిరంగమే. మెసేజీలకి వాట్సాప్‌లో ఉన్నట్టు పూర్తి తాళం లేదు, కాబట్టి ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు అక్కడ పంపకండి.

ప్రభుత్వాలు బ్లాక్ చేయమంటే చేస్తారా?

చేశారు. 2025 ఏప్రిల్‌లో టర్కీ ప్రభుత్వం అడిగితే కొన్ని ఖాతాలు ఆ దేశంలో కనిపించకుండా చేశారు. అధికారిక యాప్‌లో కనిపించకపోయినా, అదే ప్రోటోకాల్ మీద నడిచే కొన్ని వేరే యాప్‌లలో కనిపించాయి. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం పెట్టిన వయసు నిర్ధారణ చట్టం పాటించలేమని ఆ ఆగస్టులో అక్కడ సేవలే ఆపేశారు.

ప్రకటనలు లేవు, మరి డబ్బులెలా?

ఇప్పటికి ఎక్కువగా పెట్టుబడిదారుల డబ్బుతోనే. 2024 అక్టోబరులో ఒకటిన్నర కోటి డాలర్లు వచ్చాయి. డొమైన్లు అమ్మడం 2023లోనే మొదలుపెట్టారు, చందా పెట్టే ఆలోచన కూడా చెప్పారు. ఇది తేలని విషయమే, నాకూ టెన్షన్‌గానే ఉంటుంది. అందుకే ఆ నెలకోసారి ఫైలు దించుకోవడం.

అయితే ఎక్స్ ఖాతా మూసేయమంటారా?

వద్దు, తొందరపడకండి. మన దగ్గర ట్రాఫిక్ పోలీసులు, ప్రభుత్వ శాఖలు, వానల హెచ్చరికలు చెప్పేవాళ్ళు, సినిమా వార్తలు ఇంకా ఎక్కువగా అక్కడే ఉన్నాయి. రక్తం కావాలనో కరెంటు పోయిందనో అడగాలంటే జనం ఉన్నచోటే అడగాలి. నేను కూడా చదవడానికి అది ఉంచుకున్నాను, రాయడం మాత్రం ఇక్కడికి మార్చుకున్నాను.

సరే, మొదటి పోస్టు ఏం రాయమంటారు?

"హాయ్, నేనూ వచ్చేశాను" అని మాత్రం వద్దు, దానికి ఎవరూ ఏమీ జవాబు చెప్పలేరు. ఇవాళ మీ వీధిలో చూసింది, చదివింది, వండింది, ఏదో ఒకటి రెండు వాక్యాల్లో చెప్పి, చివర ఒక ప్రశ్న అడగండి. నేను మొదటిసారి గోంగూర పచ్చడి ఫొటో పెట్టి, మీ జిల్లాలో ఇందులో ఉల్లిపాయ వేస్తారా వేయరా అని అడిగాను. ఆ రాత్రికి ఏడుగురు జవాబులు రాశారు, ఒకరు న్యూజెర్సీ నుంచి, ఇద్దరు గుంటూరు నుంచి, ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు ఒప్పుకోలేదు. వాళ్ళలో నలుగురితో ఇప్పటికీ మాట్లాడుతున్నాను. భాష బటన్ తెలుగుకి మార్చడం మాత్రం మర్చిపోకండి.